ఆత్మజాడీ మీద పన్నెండోవాడు

ఆవాన్‌కి నవ్వొచ్చిందంటే ఇక ఆగదు. అది జబ్బో వరమో మా కొండవాలు మీద ఎవరూ తేల్చలేకపోయారు. పెళ్లిలో పెద్దల ముందు వంగి మొక్కుతూ నవ్వింది. వూ రాజులు పోయి జిన్ రాజులొచ్చిన ఏడాది, ఊరంతా తలుపులు బిడాయించుకుని వణుకుతుంటే, కొత్త అధికారి టోపీ గాలికెగిరి కాలవలో పడడం తలుపుసందులోంచి చూసి పగలబడింది. మామగారు పోయినప్పుడైతే, ఏడవాల్సినవాళ్లలో ముందు వరసలో నిలబడి, చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుంది. ఎగిరెగిరిపడుతున్న భుజాలు చూసి, "పాపం, కోడలంటే ఇలా ఉండాలి" అని ఊరు ఊరంతా మెచ్చుకుంది. అసలు సంగతి పక్కనే ఉన్న ఆడపడుచు దింగ్‌కి ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే అదీ నవ్వుతోంది.

ఎంత నవ్వినా ఆవాన్ చేతులు మాత్రం పని ఆపవు. నాలుగేళ్ల పిల్లప్పుడు మట్టిగుంట పక్కన కూర్చుని మొదటి పిచ్చుకను చేసింది. చిటికెడు మట్టి, ఒక నొక్కు, ఒక గిల్లు, అంతే, తోక కూడా వచ్చేసేది. షాంగ్‌యూ కొండల్లో ఆత్మజాడీల మీద వాలిన పిచ్చుకల్లో సగం ఆవాన్ చేతివే అని మావాళ్లు గొప్పలు పోతారు. నేను సగానికి ఒప్పుకోను. ముప్పావు అంటాను.

ఆత్మజాడీ అంటే పోయినవాళ్లకి కట్టే ఇల్లు. కింద బానకడుపు, పైన మేడలు, గుమ్మాలు, గుమ్మాల ముందు కుక్కలు, పందులు, గింజలకి ముసురుకున్న పిట్టలు, వాటి మధ్య వాయిద్యాలవాళ్లు. ఆ వాయిద్యాలవాళ్లందరికీ గూటంలాంటి ముక్కు, తల మీద మొనదేరిన టోపీ ఉండాలి. ఎక్కడో పడమటి ఎడారుల్లో అలాంటి మనుషులుంటారట, మాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. అందుకే వాళ్లని పెడతారు. ఆత్మజాడీ మీద బతికున్నవాడి మొహం పడకూడదు. పడితే, ఆ జాడీ మట్టిలోకి దిగిన రోజునే వాణ్ణి అవతలి లోకంలో కొలువుకి పిలుస్తారు. ఆవాన్ నానమ్మ కాలంలో ఎవరో పక్కింటాయన మొహం పొరపాటున పెట్టేశారట. అక్కడ జాడీని పూడ్చారు, ఇక్కడ ఆయనకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. సాయంత్రానికి ఎక్కిళ్లూ ఆగాయి, ఆయనా ఆగాడు.

ఆవాన్ మొగుడు జోంగ్. మా ఆవం అతని చేతి మీదే నడిచేది. కొండ కింద మొదలై పైదాకా పాకే పొడుగాటి ఆవం అది. అందరూ మంట రంగు చూసి కట్టె వేస్తే, జోంగ్ కన్నాల దగ్గర చెవి పెట్టి వినేవాడు. "ఆకలేస్తే ఒకలా అరుస్తుందే, కడుపు నిండితే ఒకలా" అనేవాడు. ఆ చెవులు కూడా అలాంటి ఇలాంటివి కావు. గాలొస్తే మనిషి ఎగిరిపోతాడేమోనని ఆవాన్ వెక్కిరించేది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ అతన్ని వెక్కిరించని రోజు లేదు, ఒక్క మంచిమాట అన్న రోజూ లేదు. జోంగ్ మొహంలో మాత్రం నవ్వు ఉండేది కాదు. నవ్వించడం అతని పని, నవ్వడం ఆవిడ పని, అలా పంచుకున్నారు.

ఆ ఏడు వసంతంలో యావ్ దొరగారు తన ఆత్మజాడీకి తానే పురమాయించారు. డెబ్బై ఎనిమిదేళ్లు. చావు ఛాయలు ఎక్కడా లేవు. పల్లకీ ఎక్కి మూడ్రోజులకోసారి మా పనిపాకలోకి దిగి పురమాయింపులు మార్చేవారు.

"ఒసే అమ్మాయ్, పందులు చాల్లేదు. ఇంకో రెండు పెట్టు."

"నాలుగున్నాయి కదండీ దొరగారూ."

"నేనక్కడ ఎన్నాళ్లుంటానో నీకేం తెలుసు? పెట్టు." తర్వాత పలక మీద ఆరుతున్న వాయిద్యాలవాళ్ల దగ్గర వంగి, మొహం చిట్లించేవారు. "వీళ్లేమిటే, అందరూ చింతపండు నమిలినట్టున్నారు? యుగాలపాటు వీళ్ల మొహాలు చూస్తూ పడుకోవాలా? నవ్వేవాడొక్కడు లేడా?"

"పడమటివాళ్లు నవ్వుతారో లేదో నాకేం తెలుసండీ?"

"నాకు మాత్రం తెలుసా!" అని విసుక్కుని పల్లకీ ఎక్కేవారు. భార్య పోయి ఇరవయ్యేళ్లు, కొడుకులు దూరాన కొలువుల్లో ఉన్నారు. నవ్వేవాడి కోసం ఆయన ఎందుకంత పట్టుబట్టేవారో అప్పుడెవరూ ఆలోచించలేదు.

మేడల మధ్య పన్నెండుమందిని అతికించే రోజు. వంచిన తల ఎత్తకుండా ఆవాన్ పనిలో ఉంది. జోంగ్ కట్టెలమోపు దింపి, పలక మీది పన్నెండు ముక్కుల్నీ ఒక్కొక్కటే పరకాయించి చూసి, ఊరిపెద్దలా గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, ఇంతమంది మగాళ్లని ఇంట్లోకి తెచ్చావు. రాత్రికి వండాల్సింది నేనేనా?"

అంతే. ఆవాన్ నవ్వడం మొదలెట్టింది. అతను అదే మొహంతో, "పైగా ముక్కులు మీ పెదనాన్నవే" అని మోపెత్తుకుని వెళ్లిపోయాడు. ఆవాన్ పెదనాన్నకి ముక్కే లేదు, రెండు కన్నాలే. ఆవిడ మెలికలు తిరిగింది, కళ్లనీళ్లు కారాయి, చేతులేమో వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక ముద్ద తీశాయి, గిల్లాయి, నొక్కాయి. చూస్తే అరచేతిలో జోంగ్! టోపీ లేని సిగ, చదునైన ముక్కు, చేతిలో వెదురు వేణువు, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నవ్వు. మనిషి ఎన్నడూ నవ్వని నవ్వు బొమ్మ నవ్వేస్తోంది. సాయంత్రం చూపించి ఏడిపిద్దామని పలక చివర పెట్టి, మిగతావాళ్లని అతికించసాగింది. నవ్వు ఆగలేదు, చెయ్యీ ఆగలేదు.

సాయంత్రం చూస్తే బొమ్మ లేదు. ఎవరి కాలికిందో పడి మట్టిలో కలిసిందనుకుని ఊరుకుంది. తడిగుడ్డ కింద జాడీ నెమ్మదిగా ఆరింది. దింగ్ బూడిద కలిపిన పూత పట్టించింది. ఆ పచ్చి పూత పడ్డాక మనిషికీ పందికీ తేడా తెలీదు. జాడీ ఆవంలోకెక్కింది, ద్వారం మూశారు, నిప్పంటించారు.

నిప్పు పెట్టిన పూట పాక ఊడవడం మా ఆనవాయితీ. ఆవాన్ చీపురేసి పలక కింది గడ్డి లాగింది. గడ్డితోపాటు ఓ బొమ్మ దొర్లింది. మొనటోపీ, గూటం ముక్కు, చింతపండు మొహం. పన్నెండోవాడు.

పన్నెండోవాడు ఇక్కడుంటే, అక్కడున్నదెవరు?

ఆవాన్ చీపురు అక్కడే పారేసి దింగ్ దగ్గరకి పరిగెత్తి, పాక వెనక్కి లాక్కెళ్లి సంగతంతా చెప్పింది.

"అన్నయ్యనా?" దింగ్ నోరు వెళ్లబెట్టింది. "దొర జాడీ మీదా? ఓసి నీ చేతులు పడిపోనూ!"

"నిప్పు ఆర్పేయమని చెప్పవే."

"ఏమని చెప్పను? వీధిలోవాళ్ల జాడీలన్నీ అందులోనే ఉన్నాయి. మధ్యలో ఆర్పితే అందరివీ పెంకులే. అయినా వదినా…" దింగ్ పెదవి బిగబట్టింది. "చెవులు కూడా పెట్టావా?"

"పెట్టాను."

"రెండూనా?"

ఇక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడ్డారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వాళ్లకే తెలీలేదు. చివరికి దింగే తేల్చింది: ఆవం తెరవగానే ముందు నువ్వు దూరు, సుత్తి పట్టుకెళ్లి పగలగొట్టి, పగిలిందని ఏడువు. ఏడవడం నీకు చేతకాదు కాబట్టి నన్ను పిలువు.

ఆవం రెండు పగళ్లు, రెండు రాత్రులు కాలాలి, మూడ్రోజులు చల్లారాలి. ఆ ఐదు రోజులూ ఆవాన్ మొగుణ్ణి నేలమీద నడవనివ్వలేదు. దొరగారి పొలం నుంచి పెద్ద పీతలు తెప్పించి అల్లం వేసి ఉడికించింది. గుజ్జంతా అతని గిన్నెలోకి, డొప్పలు తన గిన్నెలోకి. వెచ్చటి సారాయి. తామరదుంపలు. ఒక్క వెక్కిరింత లేదు. జోంగ్ రెండు రోజులు తిని, మూడోరోజు పీతకాలు గిన్నెలో పెట్టేశాడు.

"ఏమే, నేను చచ్చిపోతున్నానా?"

"ఛీ ఛీ, అవేం మాటలయ్యా!"

"ఛీ అన్నావు కాబట్టి కొంచెం నయం. మొన్నట్నుంచి నన్ను ఒక్క మాటైనా అనలేదు. మా అమ్మకి చివరిరోజుల్లో అందరూ ఇలాగే పెట్టారు."

అంటూనే నోట్లోని పీతముక్క గొంతుకడ్డం పడి అతనికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఆవాన్ కెవ్వుమంది. కుండెడు నీళ్లు అతని నెత్తిన కుమ్మరించి, వీపు మీద పిడిగుద్దులు గుద్ది, చెవులు రెండూ పట్టుకుని, "ఆపు! ఆపెయ్యి! ఇప్పుడే ఆపు!" అని ఊపేసింది. చుట్టుపక్కలవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎక్కిళ్లు ఆగాయి. జోంగ్ నీళ్లోడుతూ, "ఇది మా ఆవాన్. ఇప్పుడు బాగుంది" అన్నాడు.

ఆవం తెరిచే రోజున దొరగారు డప్పులవాళ్లతో దిగిపోయారు. తన ఇల్లు తాను చూసుకునే రోజు కదా, కొత్త పట్టుచొక్కా కూడా వేసుకొచ్చారు. ద్వారం ఇటుకలు జోంగ్ తీశాడు. మొదట లోపలికెళ్లేది కూడా ఆవం కాల్చినవాడే. ఆవాన్ అడ్డం నిలబడింది.

"నేనెళ్తాను."

"లోపల ఇంకా సెగ ఉందే."

"నేనెళ్తానన్నానా!"

జోంగ్ ఆవిడ మొహం చూశాడు, చొక్కాలో దాచిన సుత్తి పిడి చూశాడు, పక్కకి తప్పుకున్నాడు.

లోపల ఆవాన్ వంగి వంగి, జాడీల మధ్యనుంచి ఆవం నడిమిదాకా ఎక్కింది. అక్కడుంది అది. మా ఆవంలో మామూలుగా సగం జాడీలు పసుపు తిరుగుతాయి, సగం మసిబారతాయి. ఇది కాదు. అడుగు నుంచి మేడకొమ్ము దాకా ఒకటే పచ్చదనం, నానబెట్టిన పెసలంత తడిపచ్చ. పిట్టలన్నీ ఇప్పుడే కాలవలో మునిగి వచ్చి వాలినట్టున్నాయి. రెండు రాత్రులు కన్నాల దగ్గర చెవి కాల్చుకుని జోంగ్ విన్నది ఇదన్నమాట. గుమ్మం పక్కన, పదకొండు ముక్కుల మధ్య, టోపీ లేకుండా అతనే కూర్చుని చెవులు రిక్కించి నవ్వుతున్నాడు.

ఆవాన్ సుత్తి ఎత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. పగలగొట్టాల్సింది ఎవర్ని? ఆ నవ్వునే కదా. ఇన్నేళ్లుగా ఎదురుగా కూర్చుని, ఒక్కసారైనా రాకపోతుందా అని చూసిన నవ్వు. సుత్తి ఒళ్లో పడేసుకుని, ఆ సెగలో కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ ఉండిపోయింది.

"ఏమే, బతికే ఉన్నావా?" అంటూ జోంగ్ వెనకనుంచి పాక్కుంటూ వచ్చాడు. జాడీ చూశాడు. దాని పచ్చదనం చూసి ఊపిరి బిగబట్టాడు. తర్వాత గుమ్మం పక్కన చూశాడు.

"ఎవరే ఈ అందగాడు?"

"నువ్వే."

"చెవులు కాస్త పెద్దవైపోయాయి."

"తగ్గించే చేశాను."

ఆవాన్ అంతా చెప్పేసింది.

"అందుకా పీతలు?"

"అందుకే."

"ఇంకో నాలుగు రోజులు చెప్పకుండా ఉండాల్సింది" అని నిట్టూర్చాడు. కానీ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

"లోపలేం చేస్తున్నార్రా మొగుడూ పెళ్లాం! నా ఇల్లేదీ?" బయట దొరగారి కేక.

మోసుకొచ్చి ఎండలో పెట్టారు. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. వీధి వీధంతా "ఆఁ" అంది. ఆవాన్ మాత్రం గుమ్మం పక్క బొటనవేలు అడ్డంపెట్టి, జాడీని వదలకుండా పట్టుకు నిలబడింది.

"వేలు తియ్యవే."

"పిట్టలు చూడండి దొరగారూ, ఎంత బాగా…"

"వేలు తియ్యమన్నానా!"

తీసింది. దొరగారు వంగి చూశారు. తలెత్తి జోంగ్‌ని చూశారు. మళ్లీ బొమ్మను చూశారు. దింగ్ కళ్లు గట్టిగా మూసుకుంది. ముందుగా దొరగారి గడ్డం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఆ ముసలాయన కొత్త పట్టుచొక్కాతో సహా కట్టెలమోపు మీద చతికిలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"దొరికాడ్రా! వీడే! వీడుంటే నాకక్కడ పొద్దుపోతుంది. జాడీ పల్లకీలో పెట్టండి!"

"పెట్టొద్దు!"

అంత గట్టిగా అరిచింది తానేనని ఆవాన్‌కే నమ్మకం కుదరలేదు. "వాడు నా మొగుడు దొరగారూ! నేనివ్వను! పన్నెండుమంది కాదు, నూట ఇరవైమందిని చేసిస్తాను, మేడ మీద మేడ కట్టిస్తాను, పందులు ఎన్ని కావాలంటే అన్ని! వీణ్ణి మాత్రం ఇవ్వను. వీడు లేకపోతే నేను నవ్వను. నవ్వకపోతే నా చేతులు పనిచెయ్యవు. నాకు వీడంటే ప్రాణం!"

వీధి నోరు తెరిచి నిలబడిపోయింది. మొగుడూ పెళ్లాం పదిమందిలో ఇలాంటి మాటలు అనుకోవడం మా కొండల్లో ఎవరూ వినలేదు. జోంగ్ చెవులు ఆవం కన్నాల్లా ఎర్రబడ్డాయి. అప్పుడు జరిగింది. అతని మొహం పగిలింది. బొమ్మ మీద ఉన్న నవ్వే, అచ్చం అదే, అటు చెవి నుంచి ఇటు చెవిదాకా పాకింది. ఆవాన్ జాడీనీ అతన్నీ మార్చి మార్చి చూసింది. చెయ్యి తప్పు చేసినా కొలత తప్పలేదు.

దొరగారు నెమ్మదిగా లేచి బట్టలు దులుపుకున్నారు.

"నా భార్య ఒక్కసారైనా ఆ మాట అందో లేదో గుర్తులేదు. నేను అనలేదని మాత్రం గుర్తుంది." దగ్గి గొంతు మార్చారు. "నేను దొరనేగానీ దొంగని కాను. ఈ జాడీ మీ దగ్గరే పెట్టుకోండి. నాకు ఇంకోటి చెయ్యి. అది ఇచ్చేదాకా నేను చావను, చూసుకో."

ఆవాన్ ఆ మాటని అక్షరాలా పట్టుకుంది. ఆరేళ్లు ఆ రెండో జాడీ పూర్తి కాలేదు! మూడ్రోజులకోసారి పల్లకీ వచ్చేది.

"అయిందా?"

"మట్టి కుదరలేదండీ దొరగారూ."

"మంచిది. టీ పెట్టు."

జోంగ్ పక్కన కూర్చుని ఏదో ఒకటి అనేవాడు, ముసలాయన పొట్ట పట్టుకునేవారు. ఎనభై నాలుగో ఏట ఒక రోజు మాత్రం పల్లకీ దిగకుండానే, "ఇక చాలమ్మాయ్, ఇచ్చెయ్యి" అన్నారు. ఆవాన్ తల వంచుకుని, ఎప్పుడో పూర్తి చేసి దాచిన జాడీని తెచ్చిచ్చింది. పన్నెండుమందికీ మొనటోపీలు, పన్నెండుమందికీ గూటం ముక్కులు, పన్నెండుమందీ కడుపు చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. ఏ బతికున్నవాడి పోలికా లేదు. దొరగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊరేగినట్టు వెళ్లిపోయారు.

మొదటి జాడీని ఇంట్లో పెడితే ఊరుకోనని దింగ్ గోల పెట్టడంతో పాక దూలం మీదకెక్కించారు. అక్కడ దాని మేడల్లో నిజం పిచ్చుకలు గూడు కట్టాయి. ఏది మట్టిపిట్టో ఏది ఈకలపిట్టో ఎగిరితేగానీ తెలిసేది కాదు. రోజూ పొద్దున్నే జోంగ్ తలెత్తి, "ఏరా, బాగున్నావా?" అని పలకరించేవాడు. ఇంకో ముప్పై ఏళ్లు పలకరించాడు.

అతను పోయినప్పుడు ఆ జాడీని అతనితోనే దించారు. కుమ్మరికి అంతటి ఆత్మజాడీ దక్కడం మా కొండల్లో అదే మొదలు. పూడ్చబోతుంటే ఆవాన్ చొక్కా చేతిలోంచి వేలెడంత బొమ్మ తీసింది. తడిపచ్చ పూత, ఎప్పుడు కాల్చిందో ఎవరికీ తెలీదు. టోపీ లేదు. చదునైన ముక్కు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి.

"వదినా, వద్దు!" దింగ్ అరిచింది. "నీ మొహమే అది! పిలుస్తాడే!"

"పిలవనీ" అని ఆవాన్ దాన్ని జాడీ గుమ్మం ముందు, వేణువువాడికి ఎదురుగా నిలబెట్టింది.

కానీ అతను పిలవలేదు. ఏటా వసంతంలో సమాధులు ఊడ్చే రోజున ఆవాన్ కొండెక్కి, చీపురు నేలకి కొట్టి నిలదీసేది. "ఏవయ్యా, అంతేసి చెవులున్నాయి, నోరు లేదా నీకు? అక్కడ దొరగారితో కూర్చుని నన్ను మర్చిపోయావా?" అడిగి, తనే నవ్వేది. అలా ఏడేళ్లు అడిగింది.

ఎనిమిదో ఏడు ఆవిడ కొండెక్కలేదు. ఆవిణ్ణే తీసుకొచ్చారు, అతని పక్కన గొయ్యి తవ్వారు. దింగ్ ముందు వరసలో నిలబడి, "పిలిచాడమ్మా, ఎట్టకేలకి" అని గొణుక్కుని, చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుంది. ముసలి భుజాలు ఎగిరెగిరిపడుతుంటే, ఆడపడుచంటే ఇలా ఉండాలని ఊరు ఊరంతా మెచ్చుకుంది.